అక్క కుడిచెయ్యి

ఇస్త్రీ కొట్టు తలుపు తియ్యగానే చెల్లెలు చేసే మొదటి పని అక్కని తిట్టడం. రెండో పని టీ పెట్టడం. ఈ వరస తారుమారు కాకూడదు. ముందే టీ తాగేస్తే అక్క మనసు కుదుటపడిపోతుంది. మనసు కుదుటపడితే చెయ్యి చల్లారుతుంది. చెయ్యి చల్లారిందా, ఆ రోజు బేరం మంటగలిసినట్టే.

"రాత్రి గొళ్ళెం ఎవరు పెట్టారు? సగానికే ఉంది. దొంగలకి శ్రమ లేకుండా నువ్వే మూటగట్టి ఇచ్చెయ్యలేకపోయావా?"

"నేనే పెట్టాను. పూర్తిగానే పెట్టాను."

"పూర్తిగా పెడితే ఇలా ఊగుతుందా?"

"నీ నోటి గాలికి ఊగుతోంది."

అంతే, రాజుకుంది. అక్క కుడి అరచెయ్యి ముందు గులాబి రంగుకి తిరిగింది, తర్వాత ఇటుక రంగుకి. పక్కనున్న గిన్నెలో వేళ్ళు ముంచితే చుయ్యిమంది. ఇక పని మొదలెట్టొచ్చు. అక్క మొదటి చొక్కా బల్ల మీద పరిచి, కాలరు దగ్గర్నుంచి కిందిదాకా అరచేత్తో ఒక్కసారి రాసింది. ముడత అన్నది మిగల్లేదు.

వీధిలో ఎవరికీ ఇదేం వింత కాదు. వీధన్నాక ఒకరికి నత్తి ఉంటుంది, ఒకరికి బట్టతల ఉంటుంది, ఇంకొకరికి వేడి చెయ్యి ఉంటుంది. "ఇంటర్వ్యూకి వెళ్ళాలమ్మా, ఇవాళ కొంచెం గట్టిగా తిట్టు" అని చెల్లెల్ని బతిమాలుకునేవాళ్ళు ఉన్నారు. ఎదురుగా రొట్టెల కొట్టాయన గుమ్మంలో నిలబడి, "ఏమ్మా అగ్గిపుల్లా, ఇంకా గీసుకోలేదా?" అని పలకరిస్తాడు. అగ్గిపుల్ల అన్న పేరు చెల్లెలికి అక్క పెట్టింది, వీధి ఖాయం చేసింది. అక్క మాత్రం అందరికీ ఇస్త్రీ అక్కే, ఆవిడకంటే పెద్దవాళ్ళకి కూడా.

తగువు పెట్టుకోవడం ఎవరికైనా వచ్చనుకుంటారు. రాదు. అదొక విద్య. కోపం ఎక్కువైతే పట్టు కాలుతుంది, తక్కువైతే దుప్పటి ముడత కూడా పోదు. నూలు చొక్కాలకి గొళ్ళెం, తడి తువ్వాలు లాంటి చిల్లర విషయాలు చాలు. ఉన్ని కోటుకైతే అక్క వంట మీద ఒక మాట పడాలి. అన్నిటికంటే పెద్ద సూత్రం ఇంకొకటుంది. తగువు తేలకూడదు. అక్క తన వైపు మాట పూర్తిగా చెప్పేసిందంటే ఆవిరంతా బయటికి పోతుంది, చెయ్యి చప్పున చల్లబడుతుంది. అందుకని అక్క సగంలో ఉండగానే చెల్లెలు అడ్డు తగలాలి. ఇన్నేళ్ళలో అక్క ఏ ఒక్క తగువులోనూ తన మాట చివరిదాకా చెప్పిన పాపాన పోలేదు. చెల్లెలు చెప్పనిస్తేగా!

ఇక మఖమల్ వచ్చిన రోజున చిల్లర తగువులు పనికిరావు. నాటకాల కంపెనీవాళ్ళ రాజుల అంగీలు, రాణుల గౌన్లు అన్నీ మఖమల్‌వే. వాటిమీద ఇనప ఇస్త్రీ పెట్టె పెడితే నూగంతా అణిగి చస్తుంది. అక్క అరచెయ్యి ఒక్కటే వాటికి గతి. అలాంటప్పుడు చెల్లెలు బట్టలు దులుపుతూ, ఏమీ ఎరగనట్టు అంటుంది:

"అమ్మ చెయ్యూపింది నాకే."

అక్క చెయ్యి ఆ మాటకే భగ్గుమంటుంది. "నీకా? నాకు! నేను మేడ మీద కిటికీ దగ్గర ఉన్నాను. అమ్మ బండెక్కి, తల పైకెత్తి..."

"కిటికీలోంచి నీకేం కనపడుతుంది? నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. నా మొహంలోకే చూసింది."

"అది కాదే, నేను చెప్పేది విను..."

"వినేదేముంది, కళ్ళారా చూసినదాన్ని!"

ఆ రోజంతా మఖమల్ మీద చెయ్యి వెన్న మీద నడిచినట్టు నడుస్తుంది.

ఆ సంగతేమిటంటే, వాళ్ళ చిన్నతనంలో ఆ ఇంటికి ఒక జ్వరం వచ్చింది. ముందు చెల్లెలికి వచ్చింది, దాన్నుంచి అమ్మకి, అమ్మ నుంచి అక్కకి. చెల్లెలికి తగ్గిపోయింది. అమ్మని ఆస్పత్రి బండిలో తీసుకెళ్ళారు. బండిలోంచి అమ్మ ఒకసారి వెనక్కి చూసి చెయ్యెత్తింది. మళ్ళీ ఇంటికి రాలేదు. అక్క జ్వరం తగ్గినట్టే తగ్గి, ఒళ్ళంతా వదిలేసి కుడి అరచేతిలో కాపురం పెట్టింది. అమ్మ కొట్టు, అమ్మ బల్ల, అమ్మ కన్న చెల్లెలు అన్నీ అక్క మీద పడ్డాయి. ఆ చేత్తోనే అన్నిటినీ నెట్టుకొచ్చింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకి, "ముందు దీని నోరు ఎవరికైనా అంటగట్టాలి, తర్వాత చూద్దాం" అని చెల్లెల్ని చూపించేది. చెల్లెలి నోరు ఎవరికీ అంటలేదు. ఇద్దరూ అలాగే ఉండిపోయారు. పొద్దస్తమానం పోట్లాడుకుంటూ, ఒకళ్ళని విడిచి ఒకళ్ళు పూట కూడా ఉండలేకుండా.

అక్కకి కుదురన్నది ఎప్పుడూ లేదు. కాలుగాలిన పిల్లిలా బల్ల దగ్గర్నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి కుళాయికి తిరుగుతూనే ఉంటుంది. నిద్రలో కూడా దుప్పటి మీద చెయ్యి ఆడిస్తుంది. ఆ దుప్పటికి ముడత పడింది లేదు.

మొదట తేడా కనిపించింది వయసులో. అక్క చెల్లెలికంటే ఎనిమిదేళ్ళే పెద్ద. కానీ కొట్టుకి కొత్తగా వచ్చినవాళ్ళు "మీ అమ్మగారు" అనడం మొదలెట్టారు. అక్క ఏమీ అనుకునేది కాదు. "అవునండీ, నా కూతురే. గారం చేసి చెడగొట్టాను" అని నవ్వేసేది. నడుం వంగింది. మెడ మీద చర్మం వేలాడింది. మెట్టెక్కితే ఆయాసం. చెల్లెలు పక్కన నిలబడితే ఒక తరం తేడా కనిపించేది.

తర్వాత బట్టలు తారుమారయ్యాయి. హెడ్మాస్టరు కోటు పోస్ట్‌మ్యాన్‌కి ఇచ్చింది, పోస్ట్‌మ్యాన్ ఖాకీ చొక్కా హెడ్మాస్టరుకి ఇచ్చింది. పోస్ట్‌మ్యాన్ ఆ కోటు వేసుకునే ఉత్తరాలు పంచాడు, అందరూ నమస్కారాలు పెడుతుంటే భలే బాగుందన్నాడు. వీధంతా నవ్వుకుంది. చెల్లెలూ నవ్వింది. ఇంకోరోజు అక్క ఒక చొక్కా పట్టుకుని, "దాన్నేమంటారే, గుండ్రంగా ఉంటుంది, ఇక్కడ ఊడిపోయింది" అని వెతుక్కుంది.

"గుండీనా?"

"ఆ, అదే. నాలిక చివర్నే ఉంది, పాడుది."

అప్పుడు చెల్లెలు నవ్వలేదు. నిన్న మఖమల్ వచ్చింది కదా అన్న సంగతి మాత్రం తట్టింది. ముందోసారి కూడా మఖమల్ మర్నాడే అక్క కుళాయి కట్టడం మరిచిపోయింది. బేరం బాగా సాగిన రోజు వెనకాలే అక్క ఏదో ఒకటి పోగొట్టుకుంటోంది. ఆ ఆలోచన చెల్లెలికి నచ్చలేదు. పక్కకి నెట్టేసి గొళ్ళెం మీద తగువు పెట్టుకుంది. ఏం చేస్తుంది, కొట్టు నడవాలిగా!

ఆ తగువు మధ్యలోనే అక్క హఠాత్తుగా ఆగిపోయింది. చెయ్యి నిప్పులా ఉంది, మొహం మాత్రం తుడిచేసిన పలకలా ఉంది.

"ఇంతకీ మనం దేని గురించే పోట్లాడుకుంటున్నాం?"

"ఇదో కొత్త ఎత్తా? ఓడిపోతున్నావని..."

"కాదే. నిజంగానే అడుగుతున్నాను."

ఆ వారంలోనే అక్క బ్యాంకు మేనేజరు గారి చొక్కాలు ఇచ్చొస్తానని వెళ్ళింది. పక్క వీధి. మధ్యాహ్నం అయినా తిరిగి రాలేదు. చెల్లెలు కొట్టు తెరిచిపెట్టే పరుగెత్తింది. వీధులన్నీ తిరిగింది, కనపడినవాళ్ళనల్లా అడిగింది. చివరికి బస్టాండులో దొరికింది. చొక్కాలు మోచేతి మీద వేసుకుని, "మేడ ఉన్న ఇంటికి ఏ బస్సు వెళ్తుంది బాబూ" అని కండక్టర్లని అడుగుతోంది. ఆ మేడ కూలిపోయి ఎన్నేళ్ళయిందో! చెల్లెల్ని చూడగానే చిరాకు పడింది. "ఎక్కడికెళ్ళిపోయావే? ఇందాకట్నుంచీ నీకోసం వెతుకుతున్నాను."

ఆ మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ అక్కని ఏవేవో అడిగింది, నెత్తురు తీయించింది, కళ్ళలోకి లైటు వేసి చూసింది. మాట్లాడుతూనే తన తెల్లకోటు చేతి ముడతని అక్క అరచేతికి ఆనించి సరిచేసుకుంది. పరీక్షలన్నీ వచ్చాక చెల్లెల్ని ఒక్కదాన్నే లోపలికి పిలిచింది.

"మీ చిన్నప్పటి ఆ జ్వరం తాలూకు వైరస్ చాలామంది ఒంట్లో ఉంటుంది. మీ ఒంట్లో కూడా ఉండే ఉంటుంది, పడుకుని. అది పోదు. ఒంటికి అలుపో మనసుకి కలతో వచ్చినప్పుడు లేస్తుంది. లేచినప్పుడల్లా ఒళ్ళు దానితో పోరాడాలి. మీ అక్కగారి ఒళ్ళు ఏళ్ళ తరబడి రోజూ పోరాడుతోంది. అలాంటి ఒళ్ళు తొందరగా ముసలిదైపోతుంది."

"మరి మతిమరుపు?"

"వంటింట్లో పొయ్యి రోజూ పొగచూరుతుంటే ముందుగది గోడలకి కూడా మసి పడుతుంది కదమ్మా. మెదడు సంగతీ అంతే. అంతా దీనివల్లేనని ఒట్టేసి చెప్పలేను, వయసుంది, ఇంకా ఏవేవో ఉంటాయి. కానీ ఇదీ ఒక కారణమనే నా అనుమానం. మాత్రలు ఇస్తాను. అయితే ఒకటి అడగనా? దీన్ని ఎవరో పనిగట్టుకుని లేపుతున్నట్టుంది."

చెల్లెలు తల దించుకుంది. "ఆ లేపేవాళ్ళు మానకపోతే?"

"పోయినవి ఎలాగూ తిరిగి రావు. ఉన్నవి కూడా పోతాయి. ముందు మాటలు, తర్వాత మనుషులు."

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో చెల్లెలికి అంతా లెక్క తేలింది. కొరివితో తల గోక్కున్నారంటారే, తను చేసింది అదే. గోకింది తన తల కూడా కాదు, అక్క తల. పక్కన అక్క కిటికీ అద్దం మీద చెయ్యి ఆనించి కూర్చుంది. అద్దం మీది మంచు ఆ చేతి చుట్టూ కరిగి కారిపోతోంది.

ఆ రోజు నుంచి చెల్లెలు తగువు మానేసింది. అగ్గిపుల్లకి తగువు మానడమంటే మాటలా? నాలిక కొరుక్కుని కొరుక్కుని నోరంతా పుండైంది. అయినా నోరు జారలేదు.

"టీలో చక్కెర లేదు," అంది అక్క.

"అవునక్కా. తప్పు నాదే."

"తప్పు నీదా?" అక్క కప్పు దించేసింది. "నువ్వెప్పుడే తప్పు ఒప్పుకున్నది? నేను చచ్చిపోతున్నానా ఏం? డాక్టరమ్మ ఏం చెప్పింది నీకు?"

"ఏం లేదక్కా. నువ్వు ఎలా అంటే అలాగే."

"అలాగే ఏమిటే, అలాగే! నా ఎదురుగా నిలబడి నన్ను మనిషిలా తిట్టు!"

చెయ్యి చల్లారుతుందనుకుంటే అది కాస్తా రెట్టింపైంది. మాత్రలు వేసుకుంటోంది, మంట పెరుగుతోంది. తలుపు పట్టుకుంటే రంగు పొంగింది. సబ్బు పట్టుకుంటే కారిపోయింది. రొట్టెల కొట్టాయన గుమ్మంలోకి వచ్చి, "ఏమ్మా, ఇద్దరికీ తగువొచ్చిందా? అరుపులు వినపడట్లేదే" అని కంగారుపడ్డాడు. అక్క గుమ్మంలోకి వెళ్ళి వచ్చేది, మళ్ళీ వెళ్ళేది, ఎందుకు వెళ్ళిందో తెలియక మళ్ళీ వచ్చేది. చెల్లెలు ఆమె వెనకే నీడలా తిరిగేది. ఇద్దరికీ కూర్చోవడం చేతకాలేదు.

ఇంతలో నాటకాల కంపెనీ యజమాని మఖమల్ మూట పంపించాడు. కొత్త నాటకం, రాజుగారి అంగీ, అర్జంటు. చెల్లెలు వద్దని వెనక్కి పంపించేలోపు అక్క మూట విప్పేసింది. అంగీని బల్ల మీద పరిచింది, చెయ్యి పెట్టింది. పెట్టీ పెట్టగానే కమురు వాసన. చెయ్యి తీసేసరికి రాజుగారి గుండెల మీద అయిదు వేళ్ళూ నల్లగా పడ్డాయి, ఎవరో ఈడ్చి కొట్టినట్టు. అక్క చేతిలో బట్ట కాలడం అదే మొదలు.

అక్క నేల మీద కూలబడింది. చేతిని ఒంటికి దూరంగా చాచి పట్టుకుంది.

"నాకు భయంగా ఉందే," అంది. ఇంత చిన్న గొంతుతో అక్క మాట్లాడటం చెల్లెలు ఎప్పుడూ వినలేదు. "పొద్దున నువ్వు టీ తెస్తే, ఈవిడెవరు, మనింట్లో టీ పెడుతోంది అనుకున్నాను. ఒక్క క్షణమే. తర్వాత తెలిసిపోయింది. రేపు తెలియకపోతే? నిన్ను మీరు అని పిలుస్తానేమో. నువ్వెవరో తెలియకుండా నేను బతికుండి ఏం చెయ్యను?"

చెల్లెలికి ఏడుపు తన్నుకొచ్చింది. ఉన్నది ఒకటే దారి అనిపించింది. ఇన్ని తగువుల్లోనూ అసలైన తగువు ఒకటే. మిగతావన్నీ దాని చితుకులు. దాన్ని తేల్చేస్తే మంట దానంతటదే ఆరుతుంది. పక్కన కూర్చుని అక్క భుజం పట్టుకుంది.

"అక్కా, అమ్మ చెయ్యూపింది నీకే. నాకు కాదు."

అక్క చెయ్యి సలసలా మరిగిన నీళ్ళ గిన్నెలా పొగలు కక్కింది. "అబద్ధం! నీ గొంతు నాకు తెలీదా? ఇంకా నీకే ఊపిందనుకుంటున్నావు. నా మీద జాలిపడి ఇచ్చేస్తున్నావు. నేనేమన్నా ముష్టిదాన్నా?"

"మరి నన్నేం చెయ్యమంటావ్? ఓడితే తప్పు, గెలిస్తే తప్పు! నువ్వు చెప్పేదేంటో..."

చెల్లెలు అక్కడ ఆగిపోయింది. నిజమే, అక్క చెప్పేదేంటి? మేడ మీద కిటికీ, అమ్మ తల పైకెత్తి. ఆ తర్వాత? ఆ తర్వాత ఏముందో తనకి తెలీదు. జీవితమంతా ఆ మాటతో పోట్లాడింది, ఆ మాట ఏమిటో ఒక్కసారి కూడా వినలేదు. వినకపోవడమే తన పనితనమని మురిసిపోయింది.

"చెప్పక్కా," అంది. "మొదట్నుంచీ చెప్పు. నేను నోరు తెరవను."

"నువ్వా?"

"నేనే." చెల్లెలు తువ్వాలు అంచు తీసి పళ్ళ మధ్య పెట్టుకుంది.

అక్క అనుమానంగా చూసింది. తర్వాత మొదలెట్టింది. "నేను మేడ మీద కిటికీ దగ్గర ఉన్నాను. అమ్మ బండెక్కి, తల పైకెత్తి..." అని ఆగింది. ఇక్కడ చెల్లెలు అడ్డు రావాలి. రాలేదు. అక్క తెలియని ఊళ్ళో దిగినదానిలా అటూ ఇటూ చూసింది. ఇంతకు ముందెప్పుడూ ఇక్కడికంటే ముందుకి వెళ్ళలేదు మరి.

"తల పైకెత్తి నా కోసం చూసింది," అంది మెల్లిగా. "ఎందుకంటే నా తల సగంలో ఉంది. ఆ పొద్దున అమ్మ జ్వరంతోనే లేచి కూర్చుంది. ఆస్పత్రికి పోతే ఎన్నాళ్ళో, నీ తల ఎవరు చూస్తారే అని నాకు రెండు జడలు వేస్తానంది. కుడి జడ అయింది. ఎడమ జడ పాయలు తీస్తుండగా బండి వచ్చేసింది. పాయలు నా చేతిలో పెట్టి కిందికెళ్ళిపోయింది. నేను పాయలు పట్టుకునే కిటికీ దగ్గరికి పరిగెత్తాను. అమ్మ బండిలోంచి చూసింది, చెయ్యెత్తి ఇలా అంది." అక్క ఎడమ చేతి వేళ్ళు మూడు గాలిలో ఒకదాని మీద ఒకటి వేసింది. "జడ అల్లేసుకోవే అని. ఊపలేదు. అల్లింది."

తువ్వాలు చెల్లెలి నోట్లోంచి జారిపోయింది.

ఆ వేళ్ళు తనకి తెలుసు. తన జ్ఞాపకంలో కూడా అమ్మ చెయ్యి ఊగలేదు. ఊపిందని అందరికీ చెప్పుకుంది గానీ, వేళ్ళు అలా ఎందుకు ఆడాయో తనకి ఎన్నడూ అర్థం కాలేదు. తనతో ఏదో ఆట ఆడిందని సర్దిచెప్పుకుంది. దిగులేసినప్పుడల్లా ఆ వేళ్ళనే తలుచుకుని పడుకుంది. అప్పుడు తన తలకి జడేదీ? జ్వరమని జుట్టు మొదలంటా కత్తిరించేశారు.

"నీకే," అంది. "అమ్మ నీకే చెప్పింది అక్కా. నాకు కాదు." ఈసారి గొంతులో జాలి లేదు. సొంత వస్తువు ఒకటి చేజారిపోయినవాళ్ళు ఏడ్చినట్టు బావురుమని ఏడ్చింది.

అక్క కుడిచెయ్యి ఇటుక రంగు నుంచి గులాబి రంగుకి, గులాబి రంగు నుంచి మామూలు చేతి రంగుకి దిగింది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. గిన్నెలో ముంచింది. నీళ్ళు కిక్కురుమనలేదు. చెల్లెలు కళ్ళు మూసుకుని తన జ్ఞాపకంలోని గేటు దగ్గరికి వెళ్ళి చూసింది. అక్కడ అమ్మ చూపు లేదు. గేటు కమ్మీ ఎంత చల్లగా ఉండేదో అదొక్కటే ఉంది.

సరిగ్గా అప్పుడే నాటకాల కంపెనీ యజమాని గుమ్మంలోకి వచ్చాడు. నేల మీద ఇద్దరు, బల్ల మీద గుండెల మీద చెయ్యి పడ్డ రాజు. చెల్లెలు కళ్ళు తుడుచుకునేలోపే అక్క లేచింది.

"రండి, కూర్చోండి. మీ రాజుగారి అంగీ పాడుచేశాను, తప్పు నాదే. నెలకోసారి మీసాలు తీసేసి రాణి వేషం కట్టే ఆయన ఉన్నాడు కదా, ఆయన నీలం గౌను మంచి గుడ్డ, దాంట్లోంచి ముందుభాగం కోయించి కుట్టించండి. ఇక మఖమల్ మా దగ్గరికి పంపించకండి. మేం ఇనప పెట్టె కొనుక్కుంటున్నాం."

ఆయన చల్లబడ్డ చేతిని చూసి, "అలాగేనమ్మా" అని అంగీ మడిచి పట్టుకెళ్ళాడు. చెల్లెలు నోరు తెరుచుకుని చూస్తోంది. ఆ మనిషి ఎవరో, ఏ వేషం ఎవరిదో, గుడ్డ ఏదో, ఒక్కటి కూడా అక్క తడుముకోలేదు.

ఆ చెయ్యి మళ్ళీ వేడెక్కలేదు. జ్వరం పోలేదని, పడుకుందని డాక్టరమ్మ తర్వాత చెప్పింది, మాత్రలు మానొద్దంది. పోయినవి పోయాయి, గుండీని అక్క ఇప్పటికీ "అది" అనే అంటుంది. నడుం వంపు తిరిగి నిలబడలేదు. కానీ ఉన్నవి ఉన్నాయి, మనుషులందరూ ఎవరి పేరుతో వాళ్ళు మిగిలారు. ఇనప పెట్టె కొన్నాక బేరం సగమైంది, సగంతోనే నడిచింది. అదంతా తర్వాత సంగతి. ఆ మధ్యాహ్నం నాటకాలాయన వెళ్ళిపోగానే అక్క మళ్ళీ వచ్చి నేల మీదే కూర్చుంది.

"వినవే, ఇంకా అయిపోలేదు."

"ఇంకా ఏముంది? నువ్వే గెలిచావుగా," అంది చెల్లెలు ముక్కు చీదుకుంటూ.

"నువ్వెప్పుడు నన్ను ఇందాకా రానిచ్చావని? అమ్మ తిన్నగా బండెక్కలేదు. మెట్లు దిగి ముందు నీ దగ్గరికి వచ్చింది. నీకు జ్వరం తగ్గినా నీరసం పోలేదు, గేటుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నావు. నీ తల మీద చెయ్యి పెట్టింది. డ్రైవరు హారన్ కొట్టాడు. తియ్యలేదు. మళ్ళీ కొట్టాడు. అప్పటికీ తియ్యలేదు. నేను పైనుంచి చూస్తున్నాను. నాకు ఎంత కుళ్ళు పుట్టిందనుకున్నావు! చెయ్యేమో నీకు పెట్టింది. నాకు దూరం నుంచి ఒక చూపు. ఆ చూపు కూడా నాదేనని నువ్వు లాక్కుంటే నాకింకేం మిగుల్తుందే? అందుకే అంత పోట్లాడాను."

చెల్లెలికి అందులో ఒక్క ముక్క కూడా గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా లేదు. ఆ సంగతి ఈ లోకంలో అక్క ఒక్కదానికే తెలుసు. ఇంకొన్నాళ్ళు తను అలాగే మంట ఎగదోస్తూ ఉంటే, చెప్పకుండానే అక్క తలలో అదీ మసైపోయేది.

"ఎలా పెట్టింది?" అని అడిగింది.

అక్క కుడిచెయ్యి చాచి చెల్లెలి నెరిసిన తల మీద పెట్టింది. "ఇలా."

"తియ్యకక్కా," అంది చెల్లెలు.

అక్క తియ్యలేదు.